పదకొండు వరసలు

3, సోమవారం

మేనేజరు గారు ఈ రోజు నన్ను గదిలోకి పిలిచి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఇరవై ఎనిమిదో తేదీకి లైను నిలబడాలి. రెండు, నిలబడకపోతే ఎవరివల్ల నిలబడలేదో కాగితం మీద కావాలి. చెబుతూనే అద్దం అవతల ఖాళీగా ఉన్న హెడ్ గారి కుర్చీ వైపు చూశారు. పాత హెడ్ రిటైరై రెండు నెలలైంది. పద్నాలుగేళ్లుగా ఈ ఆఫీసులో కేబుళ్లు లాగినదాన్ని, ఆ చూపుకి అర్థం నాకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అందుకే ఈ నోటుబుక్కు. ఆఫీసు రిపోర్టులో పట్టనివి ఇందులో రాసుకుంటాను. సాయంత్రం బస్సులో సీటు దొరికితే నలభై నిమిషాలు నావే.

ఉన్న సంగతి ఇది. నాకు తెలిసిందే అయినా రాస్తే బుర్ర తేటపడుతుంది. ఉత్తరాన పెద్దాసుపత్రి, దక్షిణాన పదకొండు క్లినిక్కులు. క్లినిక్కుల్లో తీసిన స్కాన్లు పెద్దాసుపత్రి డాక్టర్లు చూసి చెప్పాలి. రెండు వైపులా నెట్‌వర్కు మాదే, నడుమ మాత్రం మాకు గజం తీగ లేదు. ఇన్నాళ్లూ ఒక పాత అద్దె లైనుతో నెట్టుకొచ్చాం. ఇరవై ఎనిమిదిన దాన్ని పీకేస్తారు. ఇకమీదట పెద్ద కంపెనీ ప్రధాన లైను, అదే బ్యాక్‌బోన్ మీదుగా వెళ్లాలి. స్కాన్లు మోసే ప్రతి ప్యాకెట్టు మీదా రెండు లేబుళ్లుంటాయి. పైదాన్ని చూసి పెద్ద కంపెనీ మోసుకుపోతుంది. లోపలిది, చేరాల్సిన క్లినిక్కులో ఉన్న మా రూటర్ మాత్రమే చదువుతుంది. మధ్యవాళ్లకి దానితో పని లేదు.

శనివారం ఆ కొత్త దారి కలిపాం. పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని ఉత్త పలకరింపు పంపితే, పదకొండు చోట్లా పలుకుతున్నాయి. అసలు స్కాన్లు మాత్రం ఏటి ఒడ్డు క్లినిక్కుకి ఒక్కదానికే రాకపోకలు సాగిస్తున్నాయి. పెద్ద కంపెనీ తీగ వచ్చి మా దక్షిణం రూటర్‌కి తగిలేది అక్కడే. మిగతా పదింటికి పంపింది పంపినట్టే మాయం. దక్షిణాన పదకొండూ ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటున్నాయి. పాత లైనులో అన్నీ వెళ్తున్నాయి. కొత్త దారిలోనే మాయమవుతున్నాయంటే తప్పు ఆ దారిది. ఒక్క క్లినిక్కయినా పనిచేస్తోందంటే నా అమరిక సరిగ్గా ఉన్నట్టే కదా.

ఇరవై ఎనిమిదికి నిలబెడతాను. నిలబెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను.

4, మంగళవారం

పెద్ద కంపెనీలో మా పని చూసే ఇంజినీరుతో గంటసేపు ఫోను. మనిషిని ఎప్పుడూ చూడలేదు. వెనకాల ఫ్యాను కిర్రుమంటూ ఉంటుంది, మధ్యమధ్యలో దగ్గు. ఏమడిగినా "నిదానంగా చూద్దాం మేడమ్" అంటాడు. ఇకనుంచి ఈ పుస్తకంలో ఆయన పేరు నిదానం.

5, బుధవారం

మధ్యాహ్నం టెస్టర్ కోసం ఒక్క నిమిషం ఇంటికి వచ్చి వెళ్లాను. సాయంత్రం దిగేసరికి వాన. గేటుకి తాళం. గోడ లోపలి కొక్కేనికి తాళంచెవి ఉంటుంది, బయటినుంచి చెయ్యి పెడితే అందుతుంది. ఇవాళ అందలేదు. అక్క లేదు, బావ లేడు. నలభై నిమిషాలు తడిశాను. బావ వచ్చి తన తాళంచెవితో తీశాడు.

అక్క వచ్చాక అడిగాను. "కొక్కేనికే పెట్టానే," అంది. "పెడితే ఏమైంది, కాళ్లొచ్చి నడిచిపోయిందా?" అన్నాను. "పెట్టాను. పది గంటలకి వెళ్తూ పెట్టాను," అని మళ్లీ మళ్లీ అదే మాట. ఒళ్లు మండి, "నువ్వూ అమ్మలాగే తయారవుతున్నావు," అన్నాను.

అమ్మ చివరి మూడేళ్లూ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ వానలో నిలబడింది నేను.

6, గురువారం

నిదానంతో మళ్లీ. ఈ రోజు ఆయన చేసిందల్లా నా పనిని వేలెత్తి చూపడం.

"మేడమ్, మీ దక్షిణం రూటర్ నుంచి మాకు ఒకే ఒక్క చిరునామా వస్తోంది. పదకొండూ కట్టకట్టి ఒకటిగా పంపుతున్నారు. అది అలాగే ఉండాలంటారా?"

"కావాలనే పెట్టానండీ. మీకు పదకొండు వరసలు ఎందుకని ఒక్కటి చేశాను."

"అబ్బే, కట్ట మీ రూటర్ దగ్గర విడిపోతుంది కదా అని..."

"పింగ్ వెళ్తోందా లేదా?"

"వెళ్తోంది మేడమ్."

"మరి ఇంకేం?"

"సరే మేడమ్. మీకు తెలియందేముంది. నిదానంగా చూద్దాం."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. తన దారి చూసుకోక, రూటర్‌లో నేను రాసిన వరస మీద పడ్డాడు. ఆ వరస మీటింగులో చూపించిన రోజు మేనేజరు గారు, "సర్దిన అలమరలా ఉందమ్మా," అన్నారు. పదకొండు చిరునామాలు చింపిరిగా వేలాడదీయకుండా ఒక్క మూటలో కట్టడం ఈ ఆఫీసులో నాకొక్కదానికే చేతనవును. ఇది గొప్ప కాదు, నిజం.

7, శుక్రవారం

అక్క మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. కావలసినవి బావ మోస్తున్నాడు.

10, సోమవారం

వారం పోయింది. నిదానం గారు నిదానంగానే ఉన్నారు. రేపు పై వాళ్లకి రాస్తాను.

11, మంగళవారం

రాశాను. మేనేజరు గారి సంతకంతో పెద్ద కంపెనీ పెద్దలకి వెళ్లింది. "మీ ఇంజినీరు అలసత్వం వల్ల పది క్లినిక్కుల రోగులు ఇబ్బంది పడే పరిస్థితి ఏర్పడింది." అలసత్వం అనే మాట మేనేజరు గారిది. నేను "జాప్యం" అని రాశాను. ఆయన పేరు రాయాల్సి వచ్చింది.

12, బుధవారం

రాయక తప్పలేదు. ఎవరున్నా రాసేవాళ్లే.

13, గురువారం

కేబుల్ కొసలు నొక్కే క్రింపింగ్ పనిముట్టు కోసం ఆఫీసు బీరువాలోంచి నా పనిముట్ల సంచి తీశాను. సంచి పక్క అరలో మా గేటు తాళంచెవి.

సాయంత్రం గంట ముందే బయల్దేరాను. ఇంట్లో ఎవరూ లేరు. కొక్కేనికి తగిలించాను. దొరికింది, అంతే.

14, శుక్రవారం

పొద్దున్న అక్క కొక్కెం ముందు చాలాసేపు నిలబడింది. తాళంచెవి తీసింది, చూసింది, మళ్లీ తగిలించింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

బావ మాత్రం, "ఇదెక్కడ దొరికింది?" అని గాల్లోకి అడిగాడు. నేను ఊరికే నా హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగి చూసుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఎవరూ చూడలేదు.

దొరికాక ఇంకా దాని గురించి మాట్లాడటం ఎందుకు. ఆఫీసులో నాకు కావలసినంత ఉంది.

16, ఆదివారం

అక్క కొత్త నాటకం మొదలుపెట్టింది. ఇంటినిండా చీటీలు. స్టవ్ పక్కన "ఆపాను, 9:10". ఫ్రిజ్ మీద "మందులు వేసుకున్నాను". తలుపు వెనక "కిటికీలు మూశాను". నన్ను ఎత్తిపొడవడానికే. అమ్మలాగే తయారవుతున్నావు అన్నాను కదా, చూసుకో అని.

బావ మేడమీద నా గది దాకా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పార్శిల్ షెడ్డులో ఇరవై ఏళ్లుగా సంచులు ఎత్తి ఎత్తి ఆయనకి నడుము పోయింది, నవ్వు మాత్రం పోలేదు. ఇవాళ నవ్వలేదు.

"మీ అక్కతో కాస్త మెత్తగా ఉండు మరదలా."

"నేనేం గట్టిగా ఉన్నాను?"

"ఏం లేదులే. గురువారం ఎక్కడికో వెళ్లొచ్చింది. అడిగితే పనుందంటుంది."

అక్కకి సవాలక్ష పనులు. అన్నిటికీ నేనా కారణం?

18, మంగళవారం

నిదానం ఫోను చేశాడు. ఫ్యాను చప్పుడు లేదు. ఎక్కడో వరండాలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

"మేడమ్, మా వాళ్లు వివరణ అడిగారు. ఇచ్చాను. మొదటి నుంచీ చివరిదాకా ఇంకోసారి చూశాను. నాకేం కనబడటం లేదు. మా వైపే ఏదో ఉండుంటుంది. మీరు అంత గట్టిగా చెబుతున్నారంటే ఉండే ఉంటుంది. సోమవారం మా రూటర్‌లో కార్డు మార్పిస్తాను."

"మార్పించండి," అన్నాను.

"ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాను మేడమ్. ఇదివరకు ఏ లోపమూ ఇలా నా కళ్లు కప్పేది కాదు. వయసేమో మరి. మీకు ఇబ్బంది కలిగినందుకు ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. ఏమనుకోవాలో తెలియలేదు కూడా.

19, బుధవారం

కొండమీది క్లినిక్కు స్కానింగ్ అమ్మాయి ఫోను.

"అక్కా, ఇరవై ఎనిమిది తర్వాత డిస్కులు మళ్లీ బస్సులో పంపుకోవాలంట కదా?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ అనుకుంటున్నారు. పోయిన ఏడాది లైను తెగినప్పుడు ఒక పాప స్కాన్ చూడటానికి మూడు రోజులు పట్టింది. తలలో గడ్డ. వాళ్ల నాన్న మూడు రోజులూ ఈ బెంచీ మీదే కూర్చున్నాడు అక్కా. ఆ బెంచీ వైపు చూడబుద్ధి కాదు నాకు."

"బస్సు అక్కర్లేదు. నేనున్నాను," అన్నాను.

అన్నాను కాబట్టి చెయ్యాలి.

20, గురువారం

మేనేజరు గారు మంచి హుషారుగా ఉన్నారు. "నీ ఉత్తరం పనిచేసిందమ్మా. ఆయన కాంట్రాక్టు మీద ఉన్నాడట. నెలాఖరుకి అయిపోతుంది, ఇక పొడిగించరట." ఆ తర్వాత ఆఫీసు బంట్రోతుని పిలిచి హెడ్ కుర్చీకి కొత్త కవరు వేయించమన్నారు. ఏ రంగు కావాలని నన్నడిగారు.

నీలం అన్నాను. అడిగితే చెప్పాలి కదా.

22, శనివారం

సెలవైనా పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాను. నేనొక్కదాన్నే. చిన్న ప్యాకెట్లు పంపాను, పెద్దవి పంపాను. రెండూ మాయమవుతున్నాయి, కాబట్టి సైజు గొడవ కాదు. కేబుళ్లు మార్చాను. ఉత్తరం రూటర్ అమరిక మొదటి వరస నుంచి చివరిదాకా చదివాను. దక్షిణానిది చదివాను. మూడుసార్లు. ఆ కట్టకట్టిన వరస ఒక్కటి తప్ప అన్నీ చూశాను. దాన్ని చూడాల్సిన పనిలేదు, అది నేను రాసిందే.

నా వైపు ఏమీ లేదు.

ఆరు రోజులున్నాయి. వదలను.

23, ఆదివారం

బావకి ఆదివారం డ్యూటీ. కళ్లజోడు మర్చిపోయి వెళ్లాడు. అక్క దాన్ని మెట్ల దగ్గర పెట్టి, నన్ను చూడకుండా గోడతో, "ఎవరైనా ఇచ్చొస్తే బాగుండు," అంది. వెళ్లాను.

పార్శిల్ షెడ్డు లోపలికి ఇదివరకు ఎప్పుడూ వెళ్లలేదు. పొడుగాటి రేకుల కొట్టం. నేలంతా సంచులు. ప్రతి సంచి మూతికీ తాడు, తాడుకి అట్టముక్క. బావ అట్టముక్క చూస్తాడు, సంచిని కుడి పక్క బండి మీదికి విసురుతాడు. ఇంకోటి చూస్తాడు, ఎడమ పక్క బండి. విప్పి చూడడు.

"లోపల ఏముందో చూడరా?"

"చూస్తే పనయినట్టే. అట్టముక్క మీద ఊరి పేరుంటే ఆ ఊరి బండెక్కిస్తాం. మనకి అంతే. లోపల పార్శిళ్ల మీద ఏవో గుర్తులుంటాయి, ఏడు, పద్నాలుగు అని. ఆ ఊరి పోస్ట్‌మాన్ తన వీధులకి పెట్టుకున్నవి. అతనికే తెలుస్తాయి."

అదంతా నాకు కొత్తేమీ కాదు. నా ఉద్యోగం అదే. కళ్లజోడు ఇచ్చేసి వెళ్లబోతుంటే మూలన ఒక గుట్ట కనబడింది. విప్పేసిన సంచులు, చెల్లాచెదురుగా పార్శిళ్లు.

"అవేంటి?"

"అవా. అవతలి షెడ్డులో ఎవరో తెలివైనవాడు చేరాడు. పది ఊళ్లకీ పది సంచులెందుకని అన్నీ ఒకే సంచిలో వేసి, మన షెడ్డు పేరుతో ఒక్క అట్టముక్క కట్టి పంపుతున్నాడు. మన పేరుంటే మనం విప్పాలి కదా. విప్పితే లోపల అన్నీ ఏడు, పద్నాలుగు. ఏ ఊరి ఏడో ఎవరికి తెలుసు? ఆ మూలకి పోతాయి."

"ఒక్కటీ చేరదా?"

"ఎందుకు చేరదు. ఈ షెడ్డున్న ఊరివి చేరతాయి. ఈ ఊరి గుర్తులు మనకి తెలుసుగా."

నేను అక్కడే ఒక సంచి మీద కూర్చున్నాను. బావ, "అది గాజు సామాను, లే," అన్నాడు. లేచాను.

ఏటి ఒడ్డు క్లినిక్కు ఎందుకు పనిచేస్తోందో తెలిసింది. మిగతా పదీ ఎందుకు చేరటం లేదో తెలిసింది. పైలేబుల్ క్లినిక్కు పేరు మీద ఉంటే సంచి అక్కడిదాకా విప్పకుండా వెళ్లేది. నేను పదకొండింటినీ కట్టకట్టి ఒక్క పేరు పెట్టాను. ఆ పేరు నా దక్షిణం రూటర్‌ది. అది సంచి విప్పుతోంది, లోపలి గుర్తు దానికి తెలియదు, మూలన పడేస్తోంది. పెద్ద కంపెనీ మాత్రం ప్రతి సంచినీ భద్రంగా నా గుమ్మం దాకా తెచ్చి పెడుతోంది, మూడు వారాలుగా. పింగ్‌కి లోపల గుర్తు లేదు, పైన పూర్తి చిరునామా ఒక్కటే. విప్పినా చేరుతుంది. దాన్ని చూసుకునే నేను మురిశాను.

బిడ్డని చంకనెత్తుకుని ఊరంతా వెతికాను.

24, సోమవారం

తొమ్మిదింపావుకి ఆ వరస తీసేశాను. పదకొండు చిరునామాలు, పదకొండు వరసలు. చింపిరిగానే ఉన్నాయి. పది గంటలయ్యేసరికి పదకొండు క్లినిక్కులూ స్కాన్లు పంపుతున్నాయి. కొండమీది అమ్మాయి మొదటి స్కాన్ పంపి, డాక్టరు చూశారని ఫోనులోనే ఏడ్చేసింది.

సరిగ్గా అదే పొద్దున్న ఎనిమిదిన్నరకి నిదానం తన వైపు కార్డు మార్పించాడు.

మేనేజరు గారు చప్పట్లు కొట్టారు. "చూశావా, చివరికి దారికొచ్చి కార్డు మార్చాడు. మనం పట్టుబట్టకపోతే మార్చేవాడా?"

నేను నా సీటుకి వచ్చేశాను.

లైను నిలబడింది. ముఖ్యం అదే కదా.

25, మంగళవారం

లైను బాగుంది.

కుర్చీకి నీలం కవరు వేశారు.

26, బుధవారం

మేనేజరు గారు ముగింపు రిపోర్టు అడిగారు. కారణం అనే గడిలో "అవతలి సంస్థ కార్డు లోపం" అని ఆయనే పెన్సిల్‌తో రాసి ఇచ్చారు, నేను టైపు చేస్తే చాలు.

మధ్యాహ్నం భోజనాల గదిలో ఒంటరిగా కూర్చుని ఈ పుస్తకం తిరగేశాను. ఆయన జాప్యం చేశాడనడానికి ఏదైనా దొరుకుతుందని వెతికాను, ఉన్నమాట చెప్పాలంటే. ఆరో తేదీ పేజీ దొరికింది. "కట్ట మీ రూటర్ దగ్గర విడిపోతుంది కదా అని..." ఆరో తేదీనే చెప్పాడు. నా చేత్తోనే రాసుకున్నాను. మాట పూర్తి చెయ్యనివ్వలేదు. కింద మద్దెల సామెత కూడా నేనే రాశాను, ఆడలేనిది ఎవరో తెలియకుండా.

ఇంకో పేజీ కూడా చదివాను. ఐదో తేదీ. "మధ్యాహ్నం టెస్టర్ కోసం ఒక్క నిమిషం ఇంటికి వచ్చి వెళ్లాను." దాని తర్వాత రెండో వాక్యం, గేటుకి తాళం.

సిగ్గేసింది. ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

మూడింటికి రెండు కాగితాలు టైపు చేశాను. ఒకటి రిపోర్టు. కారణం: దక్షిణం రూటర్‌లో చిరునామాలు కట్టకట్టడం, చేసినది నేను. రెండోది పెద్ద కంపెనీ పెద్దలకి. పదకొండో తేదీ ఉత్తరంలో రాసింది తప్పు, మీ ఇంజినీరు ఆరో తేదీనే లోపం పట్టుకుని నాకు చెప్పారు, నేను వినలేదు.

మేనేజరు గారు రెండూ చదివి కళ్లజోడు తీశారు.

"ఇది ఎందుకమ్మా? లైను నడుస్తోంది. ఎవరూ అడగటం లేదు."

"ఎవరివల్ల నిలబడలేదో కాగితం మీద కావాలన్నారు కదండీ."

"నిలబడకపోతే అన్నాను."

"మూడు వారాలు నిలబడలేదు సార్."

"ఆ ఉత్తరం మీద నా సంతకం ఉంది. నా పరువేం కాను?"

"దీని మీద నాది ఒక్కదానిదే పెడతాను. ఆయన కాంట్రాక్టు నెలాఖరు దాకానే ఉంది. ఇవాళ వెళ్లాలి."

చాలాసేపు కుర్చీ వైపు చూశారు. "ఆ సంగతి తర్వాత ఆలోచిద్దాం," అన్నారు. ఆ సంగతి అంటే ఏదో నాకు తెలుసు. బాధేసింది. లేదని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. కాగితం నేనే వెళ్లి పంపించి వచ్చాను.

27, గురువారం

నిదానానికి ఫోను చేశాను. మొత్తం చెప్పాను. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

"అయితే మా కార్డు బాగానే ఉందా మేడమ్?"

"బాగానే ఉందండీ. మొదటి నుంచీ బాగానే ఉంది."

"నా కళ్లు కూడా?"

"మీ కళ్లు కూడా. ఆరో తేదీనే పట్టుకున్నారు. నేనే మాట తెంపేశాను. క్షమించండి."

దగ్గాడు. "మీరు అంత గట్టిగా అనేసరికి నాదే తప్పనుకున్నాను మేడమ్. నిన్న మా ఆవిడతో కూడా అన్నాను, ఇక ఈ పనికి పనికిరానేమో, మానేస్తానని. ఈ మాట ముందు ఇంటికి ఫోను చేసి చెప్పాలి." ఫోను పెట్టేశాడు. నిదానం గారు తొందరపడటం మొదటిసారి విన్నాను.

వచ్చే సోమవారం రమ్మని వాళ్ల పెద్దలు ఆయన్ని పిలిచారట. ఏమవుతుందో తెలియదు. అవసరమైతే నేను వెళ్లి చెబుతాను.

28, శుక్రవారం

పొద్దున్న పదకొండు గంటలకి పాత లైను పీకేశారు. ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడమే కావలసింది.

29, శనివారం

రెండు రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పరాయి మనిషికి చెప్పగలిగాను కానీ అక్కకి చెప్పడం ఇంత కష్టమని తెలియదు. పొద్దున్న అక్క వంటింట్లో స్టవ్ ఆపి, చీటీ మీద టైము రాస్తోంది. గుమ్మంలో నిలబడి చెప్పేశాను. ఐదో తేదీ మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చి తాళంచెవి పనిముట్ల సంచిలో పడేసుకుని వెళ్లిన సంగతి, పదమూడో తేదీన దొంగలా తగిలించిన సంగతి.

అక్క పెన్ను పట్టుకునే ఉంది.

"నువ్వా పెట్టింది," అంది.

"నేనే."

"అక్కడ లేదు. వారంపాటు రోజుకి పదిసార్లు చూశాను. లేదు. ఒక రోజు చూస్తే ఉంది." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. గుర్తుందా, దువ్వెన కనబడటం లేదని ఏడ్చేది, దువ్వెన చేతిలోనే ఉండేది. పదమూడో తేదీన డాక్టరు దగ్గరికి వెళ్లాను. మీ బావకి చెప్పలేదు. గడియారం బొమ్మ గియ్యమన్నాడు. ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్లీ చెప్పమన్నాడు. ఐదూ చెప్పాను. ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నావన్నాడు. ఎంత సంతోషంగా ఇంటికొచ్చానో తెలుసా. మర్నాడు పొద్దున్న కొక్కెం చూస్తే తాళంచెవి ఉంది."

నేను నేల మీద కూలబడ్డాను. అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చాను. నలభై రెండేళ్లొచ్చాయి నాకు. తను నా నెత్తిన ఒక్కటి మొట్టింది, చిన్నప్పుడు మొట్టినట్టే.

"లే. ఆ చీటీలన్నీ తియ్యి. నువ్వే తియ్యాలి."

తీశాను. స్టవ్ పక్కది, ఫ్రిజ్ మీదివి, తలుపు వెనకవి. అద్దం మీద, మందుల డబ్బా లోపల, బీరువా అరల్లో. నేను ఎత్తిపొడుపనుకున్నవన్నీ. కొన్నిటి మీద అక్షరాలు వణికాయి.

చివరిది గేటు పక్కన, కొక్కెం కింద. వానకి సగం చెదిరింది. "5వ తేదీ, పది గంటలు. తాళంచెవి ఇక్కడే పెట్టాను." తియ్యబోతుంటే అక్క వెనకనుంచి వచ్చింది.

"అదొక్కటి ఉండనీ. అది నిజమేగా." పెన్ను నా చేతిలో పెట్టింది. "కింద రాయి, ఎవరు తీశారో."

గోడకి ఆనించి రాశాను. "మధ్యాహ్నం నేను తీశాను." సంతకం కూడా పెట్టమంది. పెట్టాను.